ఎంపీ3 చెర వీడిన కథ

పుస్తకానికి కాపీరైటు, యంత్రానికి పేటెంటు. ఈ రెండూ కలిసి సాఫ్టువేరు మీద పడితే ఏమవుతుందో చెప్పడానికి ఎంపీ3 చరిత్రను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

కాపీరైటు కాపాడేది రాతను. అదే పని చేసే ప్రోగ్రామును మీరు స్వయంగా రాసుకుంటే అది అడ్డు చెప్పదు. పేటెంటు పట్టుకునేది పద్ధతిని. ఒక్క పంక్తి కూడా ఎరువు తెచ్చుకోకుండా రాసినా, పద్ధతి అదే అయితే హక్కుదారు అనుమతి కావలసిందే.

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో, ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ ప్రభృతులు చేసిన పరిశోధన ఎంపీ3కి ముఖ్యమైన పునాది. చెవి పసిగట్టలేని ధ్వనులను వదిలివేసి పాటను ఇంచుమించు పదో వంతుకు కుదించడం అందులోని కిటుకు. 1993లో అది అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. ప్రమాణాన్ని ఎవరైనా చదువుకోవచ్చు, ఆచరణలో పెట్టాలంటే మాత్రం రుసుము చెల్లించాలి. 1998లో, ఉచిత ఎన్‌కోడర్లు రాస్తున్నవారికి ఫ్రాన్‌హోఫర్ నుండి లేఖలు అందాయి. కొందరు పని మానుకున్నారు.

ఆ సంవత్సరమే మైక్ చెంగ్ లేమ్‌ను మొదలుపెట్టాడు. "లేమ్ ఎంపీ3 ఎన్‌కోడర్ కాదు" అన్నది ఆ పేరుకు విస్తరణ! తొలినాళ్ళలో ఆ మాట నిజమే, అప్పట్లో అది ప్రమాణసంస్థ నమూనా కోడుకు చేసిన దిద్దుబాట్ల మూట మాత్రమే. 2000 నాటికి ఆ నమూనా ఆనవాళ్ళన్నీ పోయి, కోడంతా కొత్తదయింది. అయినా పేటెంటు నీడ తొలగలేదు. కనుక ఆ బృందం సోర్సు కోడును మాత్రమే పంచింది. వంట వడ్డించలేదు, వండే విధానం రాసిచ్చిందన్నమాట.

రుసుము కట్టేస్తే పోలేదా అని సందేహం రావచ్చు. ఎంపీ3 వినిపించే ప్రోగ్రాముకు ప్రతికి 75 సెంట్లు అడిగేవారు. పుచ్చుకున్నవారు మరెందరికైనా పంచవచ్చని చెప్పే సాఫ్టువేరుకు ప్రతుల లెక్క ఎవరు రాయగలరు? పైగా 1991 నాటి జీపీఎల్ రెండవ రూపంలో ఏడవ నిబంధన ఒకటుంది. అందుకున్నవారందరూ రుసుము లేకుండా తిరిగి పంచుకోవడానికి పేటెంటు అడ్డయితే, అసలు పంచనే కూడదు. కాబట్టి తన మటుకు తాను చెల్లించి బయటపడే దారీ లేదు.

2002లో రెడ్ హ్యాట్ లినక్స్ 8.0 ఎంపీ3 లేకుండానే విడుదలయింది. పేటెంట్ల బెడద లేకుండా రూపొందించిన ఆగ్ వోర్బిస్ 1.0 కూడా ఆ ఏడే వచ్చింది. కానీ లోకం పాటలన్నీ అప్పటికే ఎంపీ3లో దాచుకుంది.

చట్టం అన్నిచోట్లా ఒక్కలా లేదు. సాఫ్టువేరు పేటెంట్ల ప్రతిపాదనను 2005 జులై 6న ఐరోపా పార్లమెంటు 648–14 ఓట్లతో తోసిపుచ్చింది. మన దేశంలో 2002 సవరణ, కంప్యూటరు ప్రోగ్రాము దానంతట అది పేటెంటుకు అర్హం కాదంది. 2004 డిసెంబరు ఆర్డినెన్సు ఆ కట్టు సడలించబోగా, 2005లో పార్లమెంటు ఆ సడలింపును తీసివేసింది. అయినా అమెరికాలో పంచవలసిన సంస్థలు అక్కడి చట్టానికే తలవంచాయి.

చివరకు ఎంపీ3ని విడిపించినది వాదన కాదు, కాలం. పేటెంట్ల గడువు తీరుతూ రాగా 2017 ఏప్రిల్‌లో లైసెన్సుల వ్యవహారం ముగిసింది. ఫెడోరాలో ఎన్‌కోడరు కూడా ఆ ఏడాదే చేరింది.

కథ సుఖాంతమే అనిపిస్తుంది. కానీ హెచ్.264 వీడియో విషయంలో 2013లో సిస్కో ప్రకటించిన ఏర్పాటు చూడండి. రుసుము తానే కట్టి ప్రోగ్రామును ఉచితంగా ఇస్తానంది. సోర్సు కోడూ తెరిచే ఉంచింది. అయితే ఆ రుసుము వర్తించేది సిస్కో తయారుచేసి అందించిన ప్రతికే. అదే కోడును మనం మన యంత్రంపై కూర్చుకుంటే ఆ గొడుగు మన మీద ఉండదు. ఉచితంగా పుచ్చుకోవడానికీ, స్వేచ్ఛగా పంచుకోవడానికీ నడుమ ఎంత దూరముందో నాకు ఇక్కడే స్పష్టంగా తెలిసివచ్చింది.