బెంగళూరు హోటల్ బోర్డులు: దర్శిని, మిలిటరీ, ఆంధ్ర

హిందూపురం, మడకశిర, మదనపల్లె, పలమనేరు ప్రాంతాల నుండి బెంగళూరుకు వెళ్లే బస్సుల్లో విహారయాత్రికుల కంటె వైద్యానికో, కళాశాల ప్రవేశానికో, కొలువు వెదుక్కోవడానికో వెళ్లేవారే ఎక్కువగా కనిపిస్తారు. మెజెస్టిక్‌లో దిగగానే వారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న భోజనం. తెలుగువారి చూపు సహజంగానే 'ఆంధ్ర స్టైల్' అన్న బోర్డు మీదికి పోతుంది. అయితే రాయలసీమ సరిహద్దు పల్లెల ఇంటి వంటకు దగ్గరగా ఉండే తిండి ఆ బోర్డు కింద దొరకడం అరుదు. అది పక్క వీధిలోని కన్నడిగుల మిలిటరీ హోటల్లో దొరుకుతుంది. ఈ విషయం తెలియక చేతి డబ్బు ఖర్చుచేసుకుని, కడుపు మండి తిరిగివచ్చేవారు లేకపోలేదు. బెంగళూరు హోటళ్లను రుచిని బట్టి కాక, అవి పుట్టిన కారణాలను బట్టి గుర్తుపెట్టుకుంటే దారి సులువవుతుంది.

ఉదయపు ఫలహారం విషయంలో నగరానికి ఉడుపి ప్రాంతీయులే గురువులు. ఉడుపి సమీపంలోని పారంపళ్లి నుండి వచ్చిన మయ్య సోదరులు 1924లో స్థాపించిన భోజనశాలే నేటి ఎం.టి.ఆర్., అనగా మావళ్లి టిఫిన్ రూమ్స్. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం కరవై, బొంబాయి రవ్వతో ఇడ్లీ వేసి చూశామని, రవ్వ ఇడ్లీ పుట్టుక అదేనని ఆ సంస్థవారి కథనం. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చి హోటళ్ల ధరలపై ఆంక్షలు పడినప్పుడు, నష్టానికి వడ్డించలేక ఆ సంస్థ పొడులు, తక్షణ మిశ్రమాల అమ్మకానికి మళ్లింది. నేడు పల్లెటూరి కిరాణా కొట్లలో సైతం కనిపించే గులాబ్ జామూన్ పొట్లం వెనుక ఆనాటి ధరల ఆంక్ష ఉన్నదన్నమాట. ఆ పొట్లాల వ్యాపారాన్ని 2007లో నార్వే దేశపు ఓర్‌క్లా సంస్థ కొనుగోలు చేసింది. లాల్‌బాగ్ రోడ్డులోని భోజనశాల మాత్రం మయ్య కుటుంబం చేతిలోనే నిలిచింది.

బసవనగుడి గాంధీబజారులోని విద్యార్థి భవన్ 1943 నాటిది. చుట్టుపక్కల పాఠశాలల, కళాశాలల పిల్లల కోసం పెట్టినందున ఆ పేరు వచ్చింది. నేతితో ఎర్రగా కాల్చిన, మందపాటి మసాలా దోసెకు అది పేరుగాంచింది. శుక్రవారం సెలవు, ఈ సంగతి తెలియక అంత దూరం వెళ్లి తలుపు చూసి రావద్దు. శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్ 1965లో మొదలైంది. అక్కడ ఇడ్లీకి, వడకు చట్నీ తప్ప సాంబారు ఇవ్వరు. అడిగి లాభం లేదు, ఆ చట్నీ రుచి చూశాక అడగాలనిపించదు కూడా. మెజెస్టిక్ నుండి మెట్రో ఆకుపచ్చ మార్గంలో వెళ్లి నేషనల్ కాలేజి స్టేషనులో దిగితే ఈ బసవనగుడి పరిసరాలన్నీ చేరువే.

పేదకు, ఉద్యోగికి ఒకే బల్ల దగ్గర చోటిచ్చినది దర్శిని. 1983లో జయనగరలో కేఫ్ దర్శినితో ఈ పద్ధతి ప్రారంభమైంది. ముందుగా డబ్బు చెల్లించి చీటీ పుచ్చుకోవాలి, చీటీ చూపి పళ్లెం తెచ్చుకోవాలి, నడుమెత్తు బల్ల దగ్గర నిలబడి తినాలి. కూర్చునే చోటు, వడ్డించే మనిషి, రెండూ లేనందున చిన్న గదిలోనే వందలమందికి ఫలహారం అందుతుంది, ధరా తగ్గుతుంది. వంటగది ఎదుటే కనిపించడం మరొక మేలు. కొత్తవారిని తికమక పెట్టేవి పేర్లు మాత్రమే. ఖారా బాత్ అంటే మసాలా ఉప్మా, కేసరి బాత్ అంటే రవ్వకేసరి, ఈ రెండూ ఒకే పళ్లెంలో పెడితే చౌ చౌ బాత్. కాఫీని ఇద్దరు పంచుకోదలిస్తే 'బై టూ' అంటే చాలు, రెండు లోటాలు వస్తాయి; ఎవరూ చిన్నచూపు చూడరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను వెంట తీసుకువెళ్లేవారు మాత్రం దర్శినిని కాక, కూర్చునే హోటల్‌ను వెదుక్కోవడం మంచిది.

ఇక 'ఆంధ్ర' బోర్డు. రెసిడెన్సీ రోడ్డులోని నాగార్జున 1984లో వెలసింది, తరువాత నందిని మొదలైన సంస్థలు శాఖోపశాఖలుగా విస్తరించాయి. అరటి ఆకు, కందిపొడి, నెయ్యి, పప్పు, గోంగూర, ఆవకాయ, అడిగినంత అన్నం. మాంసాహారం విడిగా తెప్పించుకోవాలి, బిల్లు పెరిగేది అక్కడే. ఈ భోజనం గొప్పదే, అందులో సందేహం లేదు. కాని దీని మూలం కోస్తా వంటిల్లు. పచ్చిమిర్చి దట్టించిన చిల్లీ చికెన్‌ను బెంగళూరువారు ఆంధ్ర వంటకమని ఇష్టంగా తింటారు. అనంతపురం, చిత్తూరు పల్లెల్లో పుట్టి పెరిగినవారికి అది పండుగనాటి వంట కూడా కాదు. వారి రాగిసంగటి, ఊరుబిండి, పితికిపప్పు ఈ ఆకు మీద సాధారణంగా చోటుచేసుకోలేదు.

రాగిముద్దకు మిలిటరీ హోటలే శరణ్యం. పేరును చూసి సైనికుల క్యాంటీన్ అనుకోనక్కరలేదు. శాకాహార బ్రాహ్మణ హోటళ్లకు భిన్నంగా మాంసం వండిపెట్టేది అని దీని అర్థం. 1638 ప్రాంతంలో బెంగళూరు షాహాజీ జాగీరుగా మారింది. ఆ మరాఠా సైనికుల తిండి నుండే ఈ హోటళ్లు పుట్టాయని వాడుకలో ఉన్న మాట. జయనగరలోని శివాజీ మిలిటరీ హోటల్ 1935 నుండి నడుస్తున్నది. ఆకు దొన్నెలో పెట్టే బిర్యానీ, మటన్ చాప్స్, కాళ్ల సూపు, తలకాయ మాంసం, బోటీ, పక్కన వేడివేడి ముద్ద ఇటువంటి హోటళ్ల వంటలు. సంగటిలో బియ్యమో నూకలో కలుపుతారు, కన్నడ ముద్దలో తరచుగా రాగిపిండి ఒక్కటే ఉంటుంది, తేడా అంతే. పులుసులో తుంచి నమలకుండా మింగే పద్ధతి రెండు వైపులా ఒకటే. మంచి రకాలు మధ్యాహ్నానికే అయిపోవడం పరిపాటి కనుక ఆలస్యం చేయరాదు.

కాఫీ చుట్టూ కబుర్లు చెప్పుకునే చోట్లకు ఎం.జి.రోడ్డు ప్రాంతం ప్రసిద్ధి. కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసివేసినప్పుడు వీధిన పడ్డ కార్మికులు 1957 ఆగస్టు 19న బెంగళూరులో తమ తొలి సహకార సంఘాన్ని స్థాపించుకున్నారు. వారి ఇండియన్ కాఫీ హౌస్ ఎం.జి.రోడ్డులో 1959 నుండి నడిచి, 2009లో ఆ భవనం విడిచి చర్చి స్ట్రీట్‌కు తరలింది. తలపాగా కట్టిన వడ్డనదారు, తక్కువ ధర మారలేదు. సెయింట్ మార్క్స్ రోడ్డులోని కోషీస్ 1952 నాటిది. 1996లో బ్రిగేడ్ రోడ్డులో ఇంటర్‌నెట్‌తో కలిపి కాఫీ అమ్మిన కేఫ్ కాఫీ డే పూర్తిగా మరో తరానిది.

బార్ల గురించి రెండు మాటలు చాలు. 1980వ దశకం రెండవ సగంలో పబ్బులు మొదలయ్యాయి. రెస్ట్ హౌస్ రోడ్డులోని పెకోస్ 1989 నాటిది. అక్కడే బీరు కాచి పోసే చిన్న తయారీశాలలు 2010 తరువాత వచ్చాయి, ఖర్చు ఎక్కువ. వీధుల్లోని సాధారణ బార్లవి సి.ఎల్.–9 అనుమతులు. 1992 తరువాత దీర్ఘకాలం కొత్తవి ఇవ్వనందున పాత అనుమతులకే గిరాకీ ఏర్పడింది.

భాష ఇబ్బంది పెట్టదు. 2011 జనగణన ప్రకారం బెంగళూరు నగర జిల్లాలో నూటికి పన్నెండుమందికి పైగా మాతృభాష తెలుగే.

చలికాలంలో వెళ్లేవారు వి.వి.పురం సజ్జన్ రావు సర్కిల్ దగ్గరి తిండి వీధిని మరువరాదు. ఏటా జనవరి ప్రాంతంలో ఈ పేటలో అవరెకాయల మేళా జరిగేది; జనం పట్టక 2023లో దానిని నేషనల్ కాలేజి మైదానంలో జరిపారు. అవరెకాయ అంటే అనపకాయే. గింజను నానబెట్టి పొట్టు పితికి తీసిన పప్పును అక్కడ 'హితికిద బేళె' అంటారు. మదనపల్లెలో దాని పేరు పితికిపప్పు. దోసెలో, వడలో, సారులో, చివరకు జిలేబీలో కూడా ఆ గింజ వేసి అమ్ముతారు. జిలేబీ సంగతి ఎలా ఉన్నా, సారుతో ముద్ద తినవచ్చు.