పక్కన ఎవరు కూర్చుంటారు: తెలుగునాట హోటలు గది కథ

నెల్లూరు నుంచి ముంబై రోడ్డు పట్టుకుని వస్తే సుమారు 15 కిలోమీటర్లలో బుచ్చిరెడ్డిపాలెం. చుట్టూ పెన్న నీళ్ళతో పండే వరి చేలు, ఊళ్ళో కోదండరామస్వామి గుడి, కాస్త అవతల జొన్నవాడ కామాక్షమ్మ. రైతులు, భక్తులు, లారీ డ్రైవర్లు ఒకే పూట ఆకలితో దిగే ఊరు ఇది. ఇలాంటి చోట కొత్త హోటలు తెరిస్తే పులుసు ఎలా ఉంది, నెయ్యి వేస్తున్నారా అనే మాట్లాడుకుంటాం. గది సంగతి ఎవరూ అడగరు. కానీ మన తిండి చరిత్రలో గదికి పెద్ద పాత్రే ఉంది. మన పక్కన ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కూర్చోకూడదో తేల్చింది అదే.

మొదట్లో హోటలుకంటూ వేరే గది లేదు. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లులోని లక్ష్మణవజ్జల ఇంట ఒక రూకకు భోజనం దొరుకుతుంది. అది పూటకూళ్ళ ఇల్లు. వండేవారి ఇల్లే భోజనశాల, ఆ ఇంటి ఆచారమే అక్కడి పద్ధతి. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటికీ పూటకూళ్ళమ్మ బతుకుతెరువు అదే.

ఇరవయ్యో శతాబ్దంలో కాఫీ హోటళ్ళు వచ్చాయి. తిండి ఇల్లు దాటి బజారుకు వచ్చింది గానీ ఇంటి కట్టుబాట్లు వెంటే వచ్చాయి. బ్రాహ్మణులకు లోపలి గది, మిగిలినవారికి ముందు గది, దళితులకు గడప బయట వేరే గ్లాసు. నాటి హోటలు ఇంటీరియర్ అంటే ముందుగా మనుషుల్ని విడదీసే ఈ గోడే. గుడికీ ఇలాంటి గోడే ఉండేది. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలో దళితుల ప్రవేశం కోసం పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేశారు. 1950లో అమలైన రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్ళను పేరు పెట్టి చెప్పి, కులం పేరుతో ఎవరినీ ఆపకూడదంది. తెలుగునాట హోటలు గదికి జరిగిన అతి పెద్ద మార్పు ఇదేనని నా నమ్మకం. దాన్ని ఏ డిజైనరూ గీయలేదు.

హైదరాబాదులో ఇరానీ హోటళ్ళు మరో దారి పట్టాయి. పాలరాతి బల్లలు, వంచిన చెక్క కుర్చీలు, గోడలకు అద్దాలు. ఒక్క చాయ్‌తో గంట కూర్చున్నా లేవమనని గది అది. నెల్లూరు మెస్‌ది వేరే లెక్క. గ్రానైటు బల్ల, వీపు ఆనించడానికి వీల్లేని స్టూలు, సాంబారు బకెట్టుతో మనిషి తిరగగలిగేంత సందు. ఆకు పరిచి నీళ్ళు చల్లుకునేలోపే అన్నం వచ్చి పడుతుంది. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి మన సీటు కోసం వెనకాల ఒకరు నిలబడి ఉంటారు. ఇరుకే, కానీ ఆ బల్ల దగ్గర భూమి ఉన్న ఆసామీ, కూలికి వచ్చిన మనిషీ మోచేతులు తగిలేలా కూర్చుని తిన్నారు.

ఆ హాల్లో చాలాకాలం ఆడవాళ్ళు కనిపించలేదు. వాళ్ళ కోసం ‘ఫ్యామిలీ రూమ్స్’ వచ్చాయి. ప్లైవుడ్ అడ్డుగోడ, ముందు ఒక తెర, గోడకు చిన్న ఫ్యాను, సర్వరును పిలవడానికి బెల్లు. గాలాడని ఆ గదుల్లోనే ఎందరో గృహిణులు మొదటిసారి పరాయి చేతి వంట తీరిగ్గా తిన్నారు. మరుగు ఇస్తూనే బయటికి దారి చూపిన గదులవి.

తర్వాత గీత ఏసీది. అదే కూర, అదే అన్నం, అద్దం తలుపు అవతల రేటు వేరు. పన్ను కూడా గదినే చూసింది. 2013 నుంచి ఏసీ ఉన్న హోటళ్ళన్నిటికీ సర్వీస్ ట్యాక్స్ పడింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు మామూలు హాలుకు 12 శాతం, ఏసీకి 18 శాతం. అదే ఏడాది నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లలో రెండిటికీ 5 శాతమే అయింది.

ఇప్పుడు మండీల కాలం, అంటే అరబ్బు పద్ధతిలో మాంసం, అన్నం కలిపి వడ్డించే హోటళ్ళది. హైదరాబాదు బార్కస్ నుంచి జిల్లాలకు పాకిన ఈ పద్ధతిలో నేల మీద పరుపులు, మధ్యలో ఒకే పెద్ద పళ్ళెం. జైలు గదుల్లా ఊచలు బిగించిన గదులు, పల్లెటూరి పెంకుటిళ్ళ సెట్టింగులూ వెలిశాయి. ఒకప్పుడు పంక్తి కలవడమే నేరమైన నేల మీద, స్నేహితులు కులం ఊసు లేకుండా ఒకే పళ్ళెంలో చెయ్యి పెడుతున్నారు. ఇది నాకు గొప్ప సంతోషం.

అందుకే హోటలు పెట్టేవాళ్ళకు నా విన్నపం. రంగుదీపాలు ఎంచుకునే ముందు రద్దీ వేళ ప్రతి కుర్చీలో ఒకసారి కూర్చోండి. నున్నటి టైల్స్ నుంచి తిరిగొచ్చే గోలలో పక్కవాడి మాట వినబడుతోందా? మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకు నేల పరుపు కాకుండా కుర్చీ ఉందా? ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉందా? ఎంతోమంది పోరాడితే ఈ గది అందరిదీ అయింది. కొత్త సోకుల కోసం దాన్ని మళ్ళీ ముక్కలు చెయ్యకూడదు.