కొలబద్ద నుండి వేలిముద్ర వరకు

హైదరాబాదు నగరానికి పడమటగా, రాతిగుట్టల నడుమ ఉండిన రాయదుర్గం నేడు కంప్యూటరు సంస్థలకు నిలయమైనది. అచ్చటి కార్యాలయాలలో ఉద్యోగి వేలు ఆనించి గాని, ముఖం చూపి గాని లోనికి పోవడం సామాన్య విషయం. మనిషి దేహమే అతని గుర్తింపు చీటీ అన్నమాట. అయితే ఈ విధానాన్ని ఇంతగా పెంచి పోషించినది ఉద్యోగుల అవసరం కాదు, నేరస్థుల భయం.

పందొమ్మిదవ శతాబ్దంలో పోలీసువారికి ఒక చిక్కు ఉండేది. పాత నేరస్థుడు మరల పట్టుబడినపుడు పేరు మార్చి చెప్పేవాడు, గడ్డం పెంచేవాడు. ఛాయాచిత్రాలు వేలకొద్దీ పోగుపడినా, కావలసిన దానిని వెదకి తీసే మార్గం లేదు. పారిస్ పోలీసు కార్యాలయంలో గుమాస్తాగా చేరిన ఆల్ఫాన్సు బెర్టిలాన్ 1879లో దీనికొక ఉపాయం కనుగొన్నాడు. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఎముకల పొడవు దాదాపు మారదు. ఒక కొలత ఇద్దరికి కలియవచ్చు. కాని ఎత్తు, తల పొడవు, తల వెడల్పు, ఎడమ పాదం, నడిమి వేలు, ముంజేయి మొదలైన పదకొండు కొలతలూ కలియడం అరుదు. ఒక్కొక్క కొలతను చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడుగా విభజించినచో 1,77,147 తరగతులు ఏర్పడగలవు. ఈ పద్ధతి 1883లో తొలి ఫలితమిచ్చినది. 1884లో 241 మంది పాత నేరస్థులు దీనివలన బయటపడినారు.

కాని ఈ లెక్కలో ఒక లోపం ఉన్నది. పొడగరికి ముంజేయి కూడ పొడవుగానే ఉంటుంది కదా! ఒక కొలత తెలిసిన వెంటనే రెండవది కొంత తెలిసినట్లే. ఇట్టి సంబంధాన్ని గణించే పద్ధతిని ఫ్రాన్సిస్ గాల్టన్ 1888లో వివరించాడు. అదిగాక, ఒకే మనిషిని ఇద్దరు గుమాస్తాలు కొలిస్తే అంకెలు సరిగా కలిసేవి కావు.

ఈ పద్ధతి మన దేశానికి కూడ వచ్చినది. మద్రాసు మ్యూజియం అధ్యక్షుడు ఎడ్గార్ థర్‌స్టన్ పోలీసు ఉద్యోగులకు దేహమాపనంలో శిక్షణ ఇచ్చాడు. నాడు తెలుగు జిల్లాలలో అనేకం మద్రాసు రాజధానిలోనివే. బెంగాలులో పోలీసు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ మొదట కొలతలనే వాడినా, తుదకు వేలిముద్రలవైపు మొగ్గినాడు. అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు భారతీయుల కృషితో పది వేళ్ల ముద్రలు 1024 తరగతులుగా అమరినవి. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసినది. సిరా, కాగితం ఉంటే చాలు, కొలబద్ద అక్కరలేదు.

ఇంతవరకు ఇది శాస్త్ర విజయమే. కాని బెర్టిలాన్ అడిగిన ప్రశ్న “ఈ మనిషి ఎవరు?” అన్నది మాత్రమే. పాలకులు “ఏ కులంవారు దొంగలు?” అని అడిగినారు. 1871 నాటి నేరజాతుల చట్టం ఉత్తర హిందూస్థానంలో మొదలై, 1911లో మద్రాసు రాజధానికి విస్తరించినది. పట్టికలో చేర్చబడినవాని వేలిముద్రలను ఎప్పుడైనను తీసుకొనే అధికారం ఆ చట్టంలో కలదు. నేరం ఋజువు కానక్కరలేదు. ఆ కులంలో పుట్టుటే చాలు. 1913లో బాపట్ల సమీపాన ఎరుకలవారికై సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడినది.

విచిత్రమేమనగా, అదే 1913లో ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ సుమారు మూడువేల మంది ఖైదీల కొలతలను పరిశీలించి, పుట్టుకతోనే నేరస్థుడని దేహం చూచి చెప్పదగిన మానవ జాతి ఏదియు లేదని ప్రకటించాడు. చట్టం మాత్రం వెంటనే మారలేదు. మద్రాసులో అది 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయినది. అయినను ఆ ఊరిపేరుకు అంటిన మచ్చ చట్టంతోపాటు తొలగలేదు.

ఖైదీల గుర్తింపు చట్టం (1920) స్థానంలో 2022లో కొత్త చట్టం వచ్చి, కంటిపాపను కూడ కొలతలలో చేర్చినది. పరికరం ఎంత సూక్ష్మమైనను అది చెప్పగలది ఒక్కటే: ఈ దేహం ఫలానివానిది. వాని గుణమెట్టిదో చెప్పుట దాని పని కాదు. కొలత తప్పినచో సరిదిద్దవచ్చును. కొలిచేవాని ఉద్దేశం తప్పినచో తరాలు మూల్యం చెల్లించవలసి వస్తుంది.