కోనసీమ ఘనపాఠము

గౌతమీ వసిష్ఠా శాఖల నడుమ సముద్రముదాక పరచుకొన్న కోనసీమకు కొబ్బరితోటలును కాలువలును తెచ్చిపెట్టిన కీర్తి లోకవిదితమే గాని, అమలాపురము, కొత్తపేట, రాజోలు ప్రాంతముల అగ్రహారములలో తరతరములుగా సాగివచ్చిన పాఠరక్షణవిద్యకును ఒక చరిత్ర గలదనియు, అది నేడు గణనయంత్రముల ముందు కూర్చుండి అక్షరరాశులను వడపోయువారు సైతము శ్రద్ధతో చదువదగినదనియు తలచువారు మిక్కిలి తక్కువ.

తూర్పు చాళుక్యులు వేదవిదులకు గ్రామములు దానమిచ్చి తామ్రశాసనములు వ్రాయించిన కాలము మొదలు గోదావరీతీరమున అగ్రహారములు వెలసినవి. వానియందు కృష్ణయజుర్వేదమున తైత్తిరీయశాఖ ప్రధానముగా నిలిచినది. సంహితయందు 44, బ్రాహ్మణమునందు 28, ఆరణ్యకమునందు 10, వెరసి 82 ప్రశ్నములు. వానినే మనవారు పన్నములందురు. ప్రశ్నము అనువాకములుగను, సంహితలోని అనువాకము ఏబదేసి పదముల పనసలుగను విభక్తమై యుండును. గురువు చెప్పినదానిని శిష్యుడు వెంట పలికి సంత చెప్పుకొనుటయు, పిదప దానినే నోరు అలవడువరకు వల్లె వేయుటయు, ఇట్లు దినదినమును సాగినచో 82 పన్నములు ముగియుటకు ఎనిమిది పది సంవత్సరములు పట్టును. తాళపత్రమును ఘంటమును ఎఱుగక కాదు, వ్రాతను నమ్మక వారీ మార్గము నవలంబించిరి. వ్రాయసకాని చేయి తప్పినచో ఆ తప్పు ప్రతినుండి ప్రతికి నిశ్శబ్దముగా ప్రాకుననియు, నలుగురి నడుమ నోరు తప్పినచో తత్క్షణమే ఎవడో ఒకడు పట్టుకొనుననియు వారెఱుగుదురు. దీనికి తోడు అనువాకాంతమున పదసంఖ్యను నిలుపు సంప్రదాయ మొకటి గలదు: సంహిత మొదటి అనువాకమునకు తొలిపదమును స్మరించి, వెంటనే 43 అను సంఖ్యను చెప్పుదురు. ఒక్క పదము జారినను లెక్క కుదరదు.

సంహిత ముగిసినవాని ముందు అంతకంటె కఠినమైన త్రోవ తెఱచుకొనును. సంధులతో ఏకప్రవాహముగా నున్న మంత్రమును విడివిడి పదములుగా నిలుపుట పదపాఠము. ఋగ్వేదమునకు శాకల్యుడును, తైత్తిరీయమునకు ఆత్రేయుడును దీనిని కూర్చిరని ప్రసిద్ధి. ఆ పదములకు సంఖ్యలు పెట్టి చూచినచో తక్కిన పాఠముల కట్టుబాటు సుబోధమగును. క్రమమున 1-2, 2-3, 3-4 అని జంటలుగా నడుతురు. జటయందు ప్రతి జంటయు 1-2, 2-1, 1-2 అని ముందునకును వెనుకకును పోయి మరల ముందునకు వచ్చును. ఘనమున 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అని పలికి, పిమ్మట రెండవ పదమునుండి అదేరీతిగా నారంభింతురు. ఒక్కొక్క అడుగునకు 13 పదములు. వాక్యమధ్యమున నున్న ప్రతి పదమును మొదటి స్థానమున 5, నడిమి స్థానమున 5, కడపటి స్థానమున 3 మార్లు, వెరసి 13 మార్లు ఉచ్చరింపబడును. ఇంతటి నియమబద్ధమైన పరివర్తన అర్థవివరణమునకై ఏర్పడినది కాదు, వెనుకకు నడచునప్పుడు వాక్యమున కర్థమే యుండదు. ఇది కేవలము అక్షరమును కాపాడుటకు కట్టిన కోట.

అయినను పదములను తారుమారు చేసినంతమాత్రమున ఘనము సిద్ధింపదు. రెండవ పదము ముందును మొదటి పదము వెనుకయు వచ్చినప్పుడు సంహితలో నెన్నడును లేని క్రొత్త సంధి పుట్టును. ఉదాత్తానుదాత్తస్వరితములను స్వరములు చోటు మారును. విసర్గ యొకచోట లోపించును, వేఱొకచోట ఓకారమగును. ఈ నియమముల నన్నిటిని 24 అధ్యాయముల తైత్తిరీయ ప్రాతిశాఖ్యము విధించుచున్నది. ఘనపాఠి సభలో చెప్పునప్పుడు ఆ సూత్రములను వెదకుకొనుచు ఆగుటకు వ్యవధి లేదు, అవి యాతని నాలుకయందే యుండవలెను. నా దృష్టిలో ఈ విద్యకు ప్రాణమంతయు నిచ్చటనే యున్నది.

పాఠమును నియమబద్ధముగా నడపు ఇట్టి యాలోచన యంత్రలోకమున మిక్కిలి ఆలస్యముగా పొడసూపినది. అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో 1973లో డగ్లస్ మెకిల్రాయ్ ప్రోద్బలమున కెన్ థాంప్సన్ యూనిక్స్ వ్యవస్థకు పైపును సమకూర్చగా, ఒక చిన్న ప్రోగ్రాము వెలువరించిన పాఠమును వేఱొక చిన్న ప్రోగ్రాము నేరుగా అందుకొను సౌకర్యము కలిగినది. పంక్తులను ఏరుటకు గ్రెప్, అక్షరములను మార్చుటకు సెడ్, పంక్తిలోని పదములను స్థానసంఖ్యను బట్టి కూర్చుటకు 1977లో ఆక్ వెలసినవి. పదపాఠమును ఆక్‌నకు ఒప్పగించినచో జటాక్రమమున పదముల నమరించుటకు రెండు మూడు పంక్తుల స్క్రిప్టు చాలును. సంధికిని స్వరమునకును మాత్రము ప్రాతిశాఖ్యమునంతయు నియమములుగా వ్రాయవలసియుండును.

ఇక ఘనపాఠవిద్యను పోషించిన అగ్రహారముల ఆర్థికాధారము ఇరువదవ శతాబ్దమధ్యమున సడలినది. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టమును, 1956 నాటి ఇనాముల రద్దు చట్టమును భూస్వామ్యమును మార్చినవి. అవి న్యాయమునకై వచ్చిన చట్టములే. ఈ విద్య స్త్రీలకును తక్కిన కులములకును తలుపు మూసియుంచి, తన్ను నిలుపువారి సంఖ్యను తానే కుదించుకొన్నదనుటయు నిజమే. పిల్లలు ఇంగ్లీషు బడులకు పోగా సంత చెప్పుకొనువారు తగ్గిరి. తిరుమల తిరుపతి దేవస్థానములు వేదపారాయణమునకు ఇచ్చిన జీతములు పెక్కు కుటుంబములను నిలబెట్టినవి. వైదిక పఠనసంప్రదాయమును 2003లో యునెస్కో మానవజాతి వారసత్వముగా ప్రకటించినది. ఈ గోదావరీ డెల్టా వేదపండితుల జీవితములను డేవిడ్ నైప్ అను అమెరికన్ పండితుడు 2015లో గ్రంథముగా వెలువరించెను.

నేడు స్వరసహితమైన వేదపాఠము తెలుగులిపిలోనే కంప్యూటరునకు ఎక్కుచున్నది. 2009లో అక్షరసంకేతముల ప్రమాణమగు యూనికోడ్‌నకు వైదిక చిహ్నముల ప్రత్యేకవిభాగము చేరినది. స్వరమును చూపుటకు అక్షరము క్రింద పెట్టు గీతయు పైన పెట్టు గీతయు యంత్రదృష్టికి ప్రత్యేక సంకేతములు. తెలుగక్షరములను మాత్రమే నిలిపి తక్కినవానిని తొలగింపుమని అజాగ్రత్తగా వ్రాసిన వడపోత యొక్క నడకలో స్వరములనన్నిటిని ఊడ్చివేయును, అట్లు మిగిలిన పాఠము చూపునకు శుభ్రముగా నుండి చదువుటకు నిరుపయోగమగును. కావున ఇట్టి పని చేయువారు మూలప్రతిని తాకక వేఱుగా నుంచి, వడపోతకు ముందును పిమ్మటను పదములను స్వరచిహ్నములను లెక్కించి సరిచూడవలెను. ఆపైన అచ్చుప్రతిని ఒక ఘనపాఠి యెదుట చదివి వినిపింపవలెను. ఆ వినువారు అమలాపురము చుట్టుపట్ల ఇంకను ఉన్నారు. ఈ పని వారుండగనే జరుగవలసియున్నది.