కాలాపానీకి ముందు అడవి, తరువాత పగడపు దిబ్బ

వికారాబాద్‌ను ఆనుకొని ఉన్న అనంతగిరి కొండల అడవి ఎండాకాలంలో ఆకు రాల్చి తొలకరికి చిగురించే జాతిది. ఏడాది పొడవునా పచ్చదనం వీడని, నేలకు ఎండ సోకనీయని వర్షారణ్యాన్నీ, దాని పక్కనే సముద్రంలో పగడపు దిబ్బలనూ ఒకేచోట చూడగోరే తెలుగు యాత్రికునికి ముందుగా చెప్పదగిన నగరం అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురమని పేరు మార్చారు. అక్కడ ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పగడపు దిబ్బ అంటే, చిన్న చిన్న ప్రాణులు సముద్రపు నీటి నుంచి సున్నాన్ని తీసుకొని కట్టుకున్న గూళ్లు తరతరాలుగా పేరుకోగా ఏర్పడిన రాతిగట్టు.

ఈ అందాలే ఒకప్పుడు, కాలాపానీగా పేరుపడ్డ ద్వీపాంతరవాస శిక్షకు, చెరసాల గోడలు. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో నెలకొల్పిన తొలి వలస రోగాల తాకిడికి నిలవలేక 1796లో మూతపడగా, 1857 తిరుగుబాటు తరువాత బ్రిటిషువారికి ఈ దీవి మళ్లీ గుర్తుకొచ్చింది. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ వెంట 200 మంది ఖైదీలు దిగారు; తమను బంధించిన అడవిని తామే నరికి ఊరు కట్టడం వారి శిక్ష. పారిపోయినవారికి ఎదురైనవి ఆకలి, జ్వరం, తమ నేలను కాపాడుకొంటున్న ఆదివాసుల బాణాలు. తిరిగి చిక్కినవారిలో 80 మందికి పైగా ఉరికంబమెక్కారు. జైలు కంటే అడవే కఠినంగా ఉన్న రోజులవి. పేరుమోసిన సెల్యులార్ జైలు నిర్మాణం మొదలైనది 1896లో మాత్రమే.

ఈ చెరకు హైదరాబాదుతోనూ లంకె ఉంది. అనంతగిరిలో పుట్టిన మూసీ ఆ నగరం మీదుగా సాగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి బంగాళాఖాతం చేరుతుంది. ఆ నది ఒడ్డునున్న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీపై 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి నడిపిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను 1859లో అదే సముద్రం దాటించి అండమాన్‌కు పంపారు. ఆయన మళ్లీ మూసీ చూడలేదు.

తరువాతి కాలంలో తెలుగువారు బతుకుతెరువు కోసం, ముఖ్యంగా ఉత్తరాంధ్ర తీరం నుంచి, ఇక్కడికి వచ్చారు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగే కనుక, నగరం బజారులో దారి అడగడానికి యాత్రికుడు హిందీ వెతుక్కోనక్కరలేదు. పగడాలు చూడదలచినవారు వండూరు రేవు నుంచి పడవలో జాలీబాయ్ దీవికి వెళ్తారు. దిబ్బలకు విశ్రాంతినివ్వడం కోసం వానాకాలంలో ఆ దీవిని మూసి, రెడ్‌స్కిన్ దీవిని తెరుస్తారు.