ఎల్ఫ్‌ల మనుగడ

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (1974) మొదలుకొని ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో కనిపించే దీర్ఘాయుష్షు జాతి ఎల్ఫ్‌లు. వీరు జాతిగా నిలబడగలరా అన్నది తేలికగా తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి అయిదో కూర్పు నియమాల ప్రకారం ఎల్ఫ్ 750 ఏళ్ల దాకా బతకవచ్చు. పెద్దల లెక్కలోకి వచ్చేది మాత్రం నూరేళ్ల ప్రాయంలోనే. చిక్కంతా ఇక్కడే ఉంది. యుద్ధంలో ఒక తరం నేలకూలితే, ఆ లోటు పూడటానికి శతాబ్దం కావాలి. ఈలోగా మనుషుల్లో నాలుగు తరాలు పుట్టుకొస్తాయి. ముసలితనం జోలికి రాకపోయినా, ఏటా నూటికొకరు ప్రమాదాలకు బలైతే చాలు, 750 ఏళ్లు చూసేది దాదాపు రెండు వేలమందిలో ఒక్కరే. రాక్షసులు తిరిగే లోకంలో ఆ అంచనా కూడా ఉదారమైనదే!

ఆ ఆటకే చెందిన కల్పిత లోకం ఫర్‌గాటెన్ రెల్మ్స్‌లో ఎందరో ఎల్ఫ్‌లు ప్రధాన భూభాగం వదిలి ఎవర్‌మీట్ దీవికి తరలిపోయారు. అలాంటిదే మరో లోకం డార్క్ సన్ (1991) వారిని ఎడారిలో పరుగులు తీసే సంచార తెగలుగా మలిచింది. మనుగడ దృష్ట్యా ఈ రెండో ఊహే ఎక్కువ నమ్మదగింది.