చలిరాత్రుల్లో కుక్కపిల్లలకు కావలసింది పొడి చోటు

గడ్డిఅన్నారం: హైదరాబాద్‌లో నీరు గడ్డకట్టేంత చలి పడదు. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అదీ 1946 జనవరి నాటి మాట. అయినా డిసెంబరు, జనవరి మాసాల్లో గడ్డిఅన్నారం, కొత్తపేట, చైతన్యపురి గల్లీల్లో తెల్లవారేసరికి కుక్కపిల్లలు చనిపోయి కనిపించడం కొత్త కాదు. వానాకాలం చివర జతకట్టిన వీధికుక్కలు 63 రోజుల అనంతరం, సరిగ్గా చలి ముదిరే వేళకు పిల్లలు పెట్టడమే ఇందుకు ముఖ్య కారణం.

పుట్టిన రెండు వారాల వరకు కుక్కపిల్లకు ఒంటి వేడిని నిలుపుకొనే శక్తి ఉండదు. తొలి రోజుల్లో వణకడం కూడా చేతకాదు. తల్లి పొట్ట, తోడబుట్టిన పిల్లల వెచ్చదనమే దానికి దిక్కు. తల్లి తిండి వెతుక్కుంటూ వెళ్లి ఆలస్యం చేస్తే సిమెంటు నేల ఆ కాస్త వేడినీ లాగేస్తుంది. ముట్టుకుంటే చల్లగా తగిలి, కదలిక తగ్గి, అరుపు ఆగిపోయిన పిల్ల ప్రమాదంలో ఉన్నట్లే.

చాలామంది జాలిపడి వెంటనే నోట్లో పాలు పోస్తారు. ఇది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. చల్లబడిన పిల్ల పాలను అరిగించుకోలేదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పూ ఉంది. ముందుగా వెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన ఉంచి, ఒళ్లు నెమ్మదిగా వేడెక్కాక తల్లి దగ్గరకు చేర్చాలి. తల్లి ఉండగా పిల్లలను వేరుచేయరాదు. బాలింత కుక్కకు రెండు పూటలా కడుపునిండా అన్నం పెడితే పిల్లలను సగం కాపాడినట్లే.

పడకకు పాత దుప్పటి, గోనెసంచి కంటే వరిగడ్డి మేలు. దుప్పటి మంచుకు తడిసి తెల్లవార్లూ చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది. గడ్డి త్వరగా ఆరుతుంది, పిల్లలు అందులో దూరి పడుకోగలవు. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ మామిడి, బత్తాయి లోడులతో వచ్చే గడ్డికి కొదవ లేదు. 2021లో మార్కెట్ మూతపడి బాటసింగారానికి తరలడంతో ఇప్పుడు కొని తెచ్చుకోవలసిందే. అట్టపెట్టెను ఇటుకలపై నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నిలిపి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి, తల్లి దూరగలిగేంత ద్వారం గాలి రాని వైపు ఉంచితే చాలు. గడ్డిని వారానికోసారి మార్చాలి.

పెట్టెను ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. పిల్లల తల్లి దగ్గరకు వచ్చినవారిని కరుస్తుంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో మరణించిన ఘటనను నగరం మరువలేదు. మెట్లు, గేట్లు, పిల్లలు ఆడుకునే చోట్లకు దూరంగానే కుక్కలకు తిండి పెట్టాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. పడకకూ అదే పద్ధతి పాటించడం అందరికీ క్షేమం. కరిస్తే గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి, ఆలస్యం చేయక రేబిస్ టీకా వేయించుకోవాలి.

ఇళ్లలోని కుక్కల్లో పగ్, డాక్స్‌హుండ్ వంటి పొట్టి వెంట్రుకల జాతులకు, ముసలివాటికి చలి ఎక్కువ. హస్కీకి స్వెట్టర్ తొడగడం వట్టి ముచ్చటే. స్నానం మధ్యాహ్నం ఎండలో చేయించి పూర్తిగా ఆరబెట్టాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే విషవాయువు చేరి మనుషులకూ ప్రాణాపాయమే. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల వరకు ఉంటుంది. 37కు దిగితే పశువైద్యుని వద్దకు తీసుకెళ్లాలి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. జ్వరమనుకుని మనుషుల పారాసిటమాల్ బిళ్లలు వేయరాదు.

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు తప్పనిసరి. చలి నుంచి బయటపడిన పిల్లలను ఎక్కువగా పొట్టనబెట్టుకునేవి ఈ రెండు జబ్బులే.

ఆగిన కారు ఇంజిను వెచ్చదనానికి పిల్లలు చక్రాల మధ్య చేరతాయి. ఉదయం బండి తీసేముందు బానెట్‌పై రెండు దెబ్బలు తట్టి, కిందకు ఒకసారి వంగి చూడాలి.